ఆషాఢంలో రేపల్లె పాసింజరు

నా చిన్నప్పుడు వేమూరులో మా ఇళ్ళలో ప్రేమ మూడు ముళ్ళు పడ్డాకే మొదలయ్యేది. దానికి అచ్చొచ్చిన నెల ఆషాఢం. కొత్త అల్లుడు అత్తారింటి గడప తొక్కకూడదు, కొత్త కోడలు అత్తగారి దగ్గర ఉండకూడదు. ఆషాఢంలో నెల తప్పితే మండుటెండల్లో కాన్పు వస్తుందని నాయనమ్మ అనేది. కాలవలకు నీళ్ళొదిలే రోజులు, కుర్రాళ్ళ ధ్యాస నారుమళ్ళ మీదే ఉండాలని తాతయ్య మాట.

మా పెద్దక్క పెళ్ళి 1978 వేసవిలో అయింది. పెళ్ళిచూపుల్లో చాప మీద కూర్చుని తల ఎత్తనేలేదు. యద్దనపూడి నవల 'సెక్రటరీ' చదివినప్పట్నించీ తన మనసులో మొగుడంటే అందులో హీరో రాజశేఖరమే. బావేమో బక్కపలచటి మనిషి, మితభాషి, తెనాలిలో చిన్న ఉద్యోగం.

అక్క ఆషాఢానికి పుట్టింటికొచ్చాక బావ ఉత్తరాలు నాన్న పేరునే వచ్చేవి. నాన్న అరుగు మీద కూర్చుని పైకి చదివేవాడు. క్షేమ సమాచారాలు, వానలు, ఎరువుల ధరలు. ఆఖర్న ఒక ముక్క: "మంగళవారం సాయంత్రం బండికి పనిమీద రేపల్లె వెళ్ళుచున్నాను." నాన్నకి అదొక కబురు. తలుపు చాటున నించున్న అక్కకి అదొక్కటే ఉత్తరం.

సోమవారం రాత్రి గోరింటాకు నూరారు. అరచేతిలో చందమామ, వేళ్ళకి టోపీలు. అమ్మే అన్నం కలిపి అక్కకి ముద్దలు పెట్టింది. మర్నాడు సాయంత్రం "గుడికెళ్దాం రారా తమ్ముడూ" అంటూ నన్ను స్టేషనుకు లాక్కెళ్ళింది.

బండి ఆగింది. బావ కిటికీలోంచి "ఏరా బావమరిదీ, బాగా చదువుతున్నావా?" అని నన్నడిగాడు. చూపు మాత్రం అక్క చేతుల మీదుంది. అక్క రెండు అరచేతులూ చువ్వల దగ్గరికి తెచ్చి విప్పింది.

"బాగా పండింది," అన్నాడు.

"అలా పండితే ఏమంటారో తెలుసా మీకు?"

"తెలుసు. మా అమ్మ చెప్పింది."

అంతే, బండి కదిలింది. తాళి కట్టించుకున్న మనిషిని అక్క అప్పుడే ఇష్టపడటం మొదలుపెట్టిందని నా నమ్మకం. ఇప్పటి పిల్లలు నిశ్చితార్థం కాగానే తెల్లవార్లూ ఫోన్లో మాట్లాడుకుంటారు, సంతోషమే. కానీ ఆ మంగళవారం కోసం అక్క ఎదురుచూసిన చూపు నాకు మళ్ళీ ఎక్కడా కనపడలేదు.

శ్రావణం రాగానే నాన్న తెనాలి వెళ్ళి బావను వెంటపెట్టుకొచ్చాడు. అక్క వీధి గుమ్మం దాకా ఎదురెళ్ళి, అందరూ చూస్తుండగా ఆయన చేతిలో సంచి అందుకుని, "ఇంత ఆలస్యమైందేం బండి?" అనడిగింది.