ఆదేశము, ఆగమము, లోపము



అరసున్నలతోను, బండి ఱతోను అచ్చయిన పాత పుస్తకాన్ని నేటి విద్యార్థి చేతిలో పెడితే తనకు తెలుగే రాదేమోనని బెంగటిల్లుతాడు. షాబాదులో నా పూర్వవిద్యార్థి యొకడు అటువంటి బెంగతోనే మొన్న మా యింటికి వచ్చాడు. రైతుబిడ్డ. కోఠీలో చవుకగా కొన్న 2016 నాటి ఆండ్రాయిడ్ పుస్తకం చూచి స్వయంగా నేర్చుకుంటున్నాడు. అందులోని మొదటి ఉదాహరణమే నేటి ఆండ్రాయిడ్ స్టూడియోలో బిల్డు కావడం లేదు. "నాతోని కాదు సార్, ఇగ ఇడిసిపెడ్త" అన్నాడు.

నాకు ఆ విద్య తెలియదు. వ్యాకరణం తెలుసు. అతడు ఒక్కొక్క దోషాన్నీ వెదకి కారణం చెబుతుంటే నాకు సంధి ప్రకరణమే స్ఫురించింది.

ఆదేశం శత్రువు వంటిది. ఉన్నదానిని తొలగించి ఆ చోట తాను కూర్చుంటుంది. 'కంపైల్' అన్న పదాన్ని 2021లో గ్రేడిల్ 7 తొలగించింది. ఆ స్థానంలో 'ఇంప్లిమెంటేషన్' రావాలి. పాత సపోర్ట్ లైబ్రరీ పేర్లకు 2018 నుండి ఆండ్రాయిడ్ ఎక్స్ పేర్లు ఆదేశం. 2021లోనే కొత్త సరుకు స్వీకరించడం మానిన జేసెంటర్‌కు బదులు మావెన్ సెంట్రల్.

ఆగమం మిత్రుని వలె ప్రక్కన వచ్చి చేరుతుంది. ఆండ్రాయిడ్ 12ను లక్ష్యంగా పెట్టుకొంటే, యాప్ తెరిచే యాక్టివిటీకి మానిఫెస్టులో 'ఎక్స్‌పోర్టెడ్' అన్న గుణం చేర్చక తప్పదు.

ఇక లోపం. మానిఫెస్టులోని 'ప్యాకేజ్' అన్న గుణాన్ని తీసివేయాలి. 2023 నాటి ఎనిమిదవ ప్లగిన్ నుండి ఆ పేరు బిల్డ్ గ్రేడిల్ దస్త్రంలో 'నేమ్‌స్పేస్'గా ఉండాలి.

ఇన్ని మారినా, లెక్క చేసే జావా వాక్యాలలో ఒక్క అక్షరమైనా మారలేదు. ప్రకృతి అదే, మారినవి ప్రత్యయాలు. ఆ సంగతి గ్రహించగానే పిల్లవాని ముఖం తేటపడింది. సాయంత్రానికి యాప్ అతని ఫోనులో తెరుచుకుంది. ఇప్పుడు రెండవ అధ్యాయంలో ఉన్నాడు.

సంస్కరణము పేరు, సంవత్సరము వేయని ఉదాహరణం ముద్రణ సంవత్సరం లేని గ్రంథం వంటిది. చదువరి కాలదోషాన్ని తన బుద్ధిదోషంగా భావిస్తాడు. మీలో ప్రోగ్రాములు వ్రాసి పదుగురికీ పంచేవారు చాలామందే ఉన్నారు. ఏ పరికరంతో, ఏ యేట వ్రాశారో మొదటి పంక్తిలోనే తెలుపండి. చేవెళ్ల, మొయినాబాదు దాటి నగరానికి వెళ్లి వేలకు వేలు పోసి శిక్షణ పొందలేని పిల్లలకు ఆ ఒక్క పంక్తియే గురువు.