ఆశ్రయమే కాదు, పుట్టిల్లు కావాలి

దైవప్రవక్త (సఅసం) పుట్టకముందే తండ్రిని, ఆరేళ్ల ప్రాయంలో తల్లిని కోల్పోయారు. అనాథ అయిన ఆయనకు నీడనిచ్చినది తానేనని అల్లాహ్ దివ్యఖుర్ఆన్ 93వ సూరాలో జ్ఞాపకం చేశాడు. అనాథల పట్ల కఠినంగా ప్రవర్తించవద్దని ఆదేశించాడు.

మేము కొందరు స్త్రీలం కలిసి, నా అన్నవారు లేని ఆడపిల్లల కోసం ఒక ఇల్లు నడుపుతున్నాము. తిండి, బట్ట, చదువు సమకూర్చడం కష్టమే గాని అసాధ్యం కాదు. అసలు ప్రశ్న పిల్లకు 18 ఏళ్లు నిండిననాడు మొదలవుతుంది. 2015 నాటి బాలల న్యాయ చట్టం 21 ఏళ్ల వరకు తోడ్పాటుకు వీలు కల్పించింది. ఆ పైన? పెళ్లయిన బిడ్డ పండుగకు ఎక్కడికి వస్తుంది? తొలి కాన్పుకు ఎవరి గడప తొక్కుతుంది? అత్తింట కష్టమొస్తే ఎవరితో చెప్పుకుంటుంది? వెనుక పుట్టిల్లు లేదని తెలిస్తే చులకన చేసేవారు ఎందరో!

అందుకే మేము ఒక నియమం పెట్టుకున్నాము. ఇక్కడ పెరిగిన ఏ బిడ్డకైనా ఈ తలుపు మూసుకోదు. రంజాన్ పండుగకు కబురు వెళుతుంది. కాన్పుకు మాలో ఒకరం వెళ్లి తీసుకువస్తాము. అల్లుణ్ణి పలకరించే పెద్దలూ మేమే.

సోదరీమణులారా! బియ్యం బస్తా పంపే మీ చేతులు చల్లగా ఉండాలి. దానితోపాటు, మీ ఊరి అనాథ బిడ్డకు మీ ఇంటిని పుట్టిల్లు చేయగలరేమో ఆలోచించండి.