క్రొత్త ఇల్లు, మొదటి ట్రాక్టర్

రావులపాలెం దగ్గర జాతీయ రహదారి దిగి, కొత్తపేట, అంబాజీపేట మీదుగా రాజోలు వైపు ప్రయాణం చేసినవారికి మా కోనసీమను గూర్చి వర్ణించి చెప్పనక్కరలేదు. ఒక ప్రక్క గౌతమి, మరొక ప్రక్క వశిష్ట, నడుమ వైనతేయ, ముందు బంగాళాఖాతం. గన్నవరం దగ్గర వైనతేయ మీదుగా కాలువనే నడిపించారు. దొరల కాలంలో 49 ఖానాలతో కట్టిన పాత అక్విడెక్టు, డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టిన క్రొత్త అక్విడెక్టు అక్కడే ఉన్నాయి. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి అయిన నాటినుండి మా సీమలో నీరు కాలువ వెంట, మనిషి గట్టు వెంట నడుస్తున్నారు. ఈ గట్ల సంగతి ట్రాక్టర్ కొనబోయినప్పుడు గాని మాకు బోధపడలేదు.

ఊరూరా తిరిగి సంఘ పరిచర్య చేసిన తరువాత, దేవుని కృపను బట్టి రాజోలు ప్రాంతంలోని మా స్వగ్రామంలో నాన్నగారిచ్చిన స్థలంలో రెండు గదుల డాబా వేసుకున్నాము. ఇంటి వెనుక ఎకరంన్నర కొబ్బరితోట, దాని వెనుక పొరుగువారి చేను, ఆ తరువాత మా రెండెకరాల వరిచేను. వ్యవసాయం మా తమ్ముడిది. గృహప్రతిష్ఠ ప్రార్థన ముగిసి బంధువులు వెళ్లిన రాత్రే తమ్ముడు మాట కదిపాడు. "అన్నయ్యా, ఇల్లయింది. ఇక ట్రాక్టర్ కొందాం."

అతని బాధ మాకు తెలియనిది కాదు. సార్వాకు కాలువ నీరు వదలగానే అందరికీ ఒకేసారి దమ్ము కావాలి. మా చేనుకు పుంత లేదు. ఎద్దులున్న రోజుల్లో అవి గట్టుమీద ఒకదాని వెనుక ఒకటి వెళ్లేవి. ట్రాక్టర్ అలా వెళ్లలేదు. పై చేలకు దమ్ము అయ్యాక, ఊడుపులు కాకముందు దొరికే ఒకటి రెండు రోజుల్లోనే అద్దె ట్రాక్టర్ వాటిమీదుగా మా చేనుకు రావాలి. ఆ రోజు తప్పితే నారు ముదిరిపోతుంది. గిట్టుబాటు ధర లేక, ముంపు తీరక, 2011లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించిన సంగతి పాఠకులకు జ్ఞాపకముండే ఉంటుంది. అంత కష్టంలోనూ మా తమ్ముడు చేను విడిచిపెట్టలేదు.

అందరం కలిసి పట్నానికి వెళ్లాము. దుకాణంవారు పెద్ద ట్రాక్టర్ చూపించి, చిన్నదాన్ని పిల్లల ఆటబొమ్మ అని తీసిపారేశారు. తమ్ముడి కళ్లు పెద్దదాని మీదే ఉన్నాయి. మా శ్రీమతి మాత్రం ఇంటికి వచ్చాక టేపు తీసుకుని వెళ్లి గేటు కొలిచింది. నాలుగున్నర అడుగులు. పెద్ద ట్రాక్టర్ వెడల్పు ఆరడుగుల పైమాట, బరువు రెండు టన్నులు. రోడ్డుకు, ఇంటికి మధ్యనున్న పంటబోదె మీద మేము వేయించిన సిమెంటు పలక మోటారు సైకిలుకు సరిపోయేది. లూకా 14వ అధ్యాయంలోని గోపురం లెక్కను గూర్చి ఎన్నోసార్లు ప్రసంగించిన మేము, మా గేటు లెక్క మాత్రం చూసుకోలేదు!

తోటలోకి వెళ్లి చూస్తే మరికొంత తెలిసింది. కొబ్బరి చెట్ల మధ్య పాతిక అడుగులున్నా, నడుమ అరటి ఉంది. చెట్టు వేళ్లు మొదలు చుట్టూ ఆరడుగుల మేర దట్టంగా ఉంటాయి గనుక అక్కడ దున్నకూడదు. ఇక మిగిలేది సన్నటి బాట. పదిహేను, ఇరవై హార్స్ పవర్ చిన్న ట్రాక్టరయితే మూడున్నర అడుగుల లోపే. బరువు తక్కువ గనుక బురదలోనూ తక్కువ దిగబడుతుంది. తమ్ముడు అయిష్టంగానే ఒప్పుకున్నాడు.

అప్పుకు తోట కాగితాలు తాకట్టు పెట్టాలి. అవి అమ్మ పేరు మీద ఉన్నాయి. అమ్మ అంతా విని ఒక్కటే అడిగింది. "కొంటారు సరే. చేలోకి ఏ దారిన తీసుకెళతారు?"

మేమెవరం మాట్లాడలేదు. దారి ఉన్నది పొరుగువారి చేను గట్టునే. 1996 నవంబరు 6 తుఫానుకు ఆ సరిహద్దు మీది రెండు కొబ్బరి చెట్లు కూలాయి. అవి ఎవరివన్న దగ్గర నాన్నగారికి, ఆయనకు మాట పెరిగింది. నాన్నగారు ప్రభువు సన్నిధికి వెళ్లేవరకు ఆ రెండు ఇళ్లు మాట్లాడుకోలేదు. మేము ఎన్ని సంఘాల్లో సమాధానపడండని బోధించామో లెక్కలేదు. ఆ గుమ్మం మాత్రం తొక్కలేదు.

"ముందు అక్కడికి వెళ్లి రండి. తరువాత వేలిముద్ర వేస్తాను" అంది అమ్మ.

సాయంత్రం వెళ్లాము. ఆయనకు డెబ్బై దాటాయి. అరుగుమీద కూర్చుని ఉన్నారు. "బాబాయి గారూ, దారి అడగడానికి వచ్చాము. దానికంటే ముందు, ఇన్నాళ్లు రానందుకు క్షమించమని అడగడానికి" అన్నాము. ఆయన చాలాసేపు నేలవైపు చూశారు. "మీ నాన్న ఉండగా వస్తే బాగుండేది రా అబ్బాయ్" అన్నారు. ఆ మాట మమ్మల్ని ఎంత పొడిచిందో వ్రాయలేము. ఇంతలో లోపలినుండి మజ్జిగ వచ్చింది.

మర్నాడు ఇద్దరి చేలల్లోనూ సమంగా నేల విడిచి గట్టు వెడల్పు చేయడానికి ఒప్పుకున్నాము. పెద్దల ఎదుట కాగితం కూడా వ్రాసుకున్నాము, మా పిల్లలు మళ్లీ తగవు పడకుండా. బోదెమీద గట్టి తూములు వేయించి, గేటు పగలగొట్టి పెద్దది పెట్టించాము. ఆ ఖర్చు కూడా ట్రాక్టర్ ఖర్చే గదా! అప్పు వాయిదాలు పంట చేతికొచ్చే నెలలకు పెట్టించుకున్నాము. డ్రైవరు సీటు ప్రక్కన, మడ్‌గార్డు మీద పిల్లలు కూర్చోరాదని, ఇనుప దమ్ము చక్రాలతో తారు రోడ్డు ఎక్కరాదని తమ్ముడితో మాట తీసుకున్నాము.

ట్రాక్టర్ వచ్చిన రోజున అమ్మ దానిమీద చెయ్యి ఉంచి ప్రార్థించింది. మొదటి దమ్ము మా చేలో కాదు, బాబాయి గారి చేలో జరిగింది. ఆయన గొడుగు వేసుకుని గట్టుమీద నిలబడి చివరిదాకా చూశారు.

ఆ సరిహద్దున అమ్మ రెండు కొబ్బరి మొక్కలు నాటించింది. ఎవరివని మేమెవరమూ అడగలేదు.