ఉక్కునగరంలో వెనక బెంచీ

తెల్లవారుజామున గోదావరి ఎక్స్‌ప్రెస్ దువ్వాడలో దించేసింది. ఆటో ఉక్కునగరంలోకి తిరగ్గానే చల్లగాలి! ఉక్కు తయారయ్యే ఊరంటే పొగ, మసి అనుకుంటాం. ఇక్కడేమో రోడ్డుకు రెండువైపులా చెట్లు, క్వార్టర్ల వెనక మోకాలెత్తు గడ్డి. 1971లో ఇందిరాగాంధీ శంకుస్థాపన చేసిన కర్మాగారం పక్కన ఇంత పచ్చదనం ఉందంటే చూస్తేగానీ నమ్మలేం.

గుమ్మంలోనే అక్కయ్య మొదలెట్టింది. "నీ మేనల్లుడి సంగతి చూడరా తమ్ముడూ. మొన్నటిదాకా క్లాసులో ఫస్టు. ఇప్పుడు పిలిస్తే పలకడు. పుస్తకం పడితే నిద్ర. అంతా బద్ధకం!"

వాడిది ఏడో తరగతి. వానలు వెనకబట్టాక జ్వరం వచ్చిందట. మలేరియా కాదు, టైఫాయిడ్ కాదు. చివరికి డాక్టరు చొక్కా విప్పించి చూస్తే చంక దగ్గర సిగరెట్‌తో కాల్చినట్టు నల్లటి చెక్కు. స్క్రబ్ టైఫస్! గడ్డిలో, పొదల్లో ఉండే చిగ్గర్ అనే కంటికి ఆనని పురుగు కుడితే వచ్చే జబ్బు. 2025 చివర్లో విశాఖ, విజయనగరం వైపు అందరి నోటా ఈ పేరే. డాక్సీసైక్లిన్‌తో జ్వరం తగ్గింది. బడి మాత్రం మూడు వారాలు పోయింది.

సాయంత్రం వాణ్ణి అప్పికొండ తీరానికి తీసుకెళ్లాను. సోమేశ్వరుడికి దండం పెట్టుకుని ఇసుకలో కూర్చున్నాం. కుడిపక్క నుంచి అడిగితే చక్కగా జవాబిచ్చాడు. ఎడమపక్కకు మారి అడిగితే సముద్రం కేసే చూస్తున్నాడు.

"ఏరా, వినపడలేదా?"

"ఆ చెవిలో ఎప్పుడూ హోరే మావయ్యా. సారు చెప్పేది సగమే వినిపిస్తోంది. నాలుగు లైన్లు చదివేసరికి తల బరువెక్కిపోతోంది. చెబితే సాకులంటారని..."

మర్నాడే చెవి డాక్టరు దగ్గరికి వెళ్లాం. ఈ జ్వరం కొందరిలో వినికిడి నరాన్ని తాకుతుందట. మందు ఆలస్యమైతే మెదడు పొరలకూ సోకవచ్చు. వేళకు మందు పడిన పిల్లలు చాలావరకు కోలుకుంటారు, కానీ నీరసం కొన్ని వారాలు వదలకపోవచ్చు అన్నారాయన.

న్యూజెర్సీలో ఉన్న మా అన్నయ్యకు ఫోన్లో చెబితే ఆశ్చర్యపోలేదు. అక్కడ పిల్లలు ఆడుకుని రాగానే ఒంటిమీద పిడుదుల కోసం వెతుకుతారట, లైమ్ జబ్బు భయంతో. 1970లలో కనెక్టికట్‌లోని లైమ్ అనే ఊళ్లో పిల్లల కీళ్లు వాస్తుంటే, తల్లులు ఊరుకోక పట్టుబట్టి అడగబట్టే అది బయటపడింది. ఆ జబ్బు చేసిన కొందరు పిల్లలకూ అలసట, పాఠం మీద ధ్యాస నిలవకపోవడం మామూలేనట.

అక్కయ్య కళ్లు తుడుచుకుని బడికి వెళ్లింది. మాస్టారు సహృదయులు. వాణ్ణి ముందు బెంచీకి మార్చారు, కుడిచెవి తనవైపు ఉండేలా. హోంవర్కు సగానికి తగ్గించారు.

మీరూ పిల్లలతో కంబాలకొండో, కైలాసగిరో వెళ్తే రాగానే స్నానం చేయించి, బట్టలు మార్చి, చంకలు, చెవుల వెనక ఓసారి చూడండి. జ్వరం వస్తే ఆ నల్లచెక్కు మాట డాక్టరుకు చెప్పండి.

నేను ఇంటికి చేరిన వారానికి ఫోన్. "మావయ్యా, ఇవాళ డిక్టేషన్‌లో ఒక్కటే తప్పు!"