ఏ కాలానికి ఏ కిటికీ

ఎండలు ముదిరితే కరోనా దానంతట అదే తగ్గిపోతుందని 2020 మార్చిలో చాలామంది నమ్మారు. చదువుకున్నవాళ్లూ నమ్మారు, తెల్లకోటు వేసుకున్న కొందరూ నమ్మారు. జరిగింది వేరు. మన దేశంలో మొదటి అల ఆ సెప్టెంబరు నడుమ, వానలు ఇంకా పడుతుండగానే తారస్థాయికి చేరింది. అన్నిటికన్నా ఎక్కువ ప్రాణాలు తీసిన రెండో అల 2021 ఏప్రిల్, మే నెలల్లో వచ్చింది. రామగుండంలో, రెంటచింతలలో ఎండలకి రోళ్లు పగిలే రోజుల్లోనే దేశంలో రోజుకి నాలుగు లక్షలకు పైగా కేసులు లెక్కకెక్కాయి. మూడోది 2022 జనవరి చలిలో వచ్చింది. శ్వాసకోశ రోగాలకి కాలంతో అసలు పనే లేదని కాదు. మన దక్షిణాదిన ఫ్లూ వానాకాలంలో పెరుగుతుందని ఓపీలో కూర్చునే ఏ డాక్టరుకైనా తెలుసు. కానీ కాలంతో పాటు కచ్చితంగా మారేది మరొకటుంది. అది మన తలుపులూ కిటికీలూ మూసే అలవాటు. చర్చిలో ఆరాధన క్షేమంగా జరగాలంటే ముందు ఆలోచించవలసింది దాని గురించేనని నా వాదన. శానిటైజరు సీసా, గుమ్మం దగ్గర నుదుటికి గురిపెట్టే థర్మామీటరు ఆ తర్వాతి మాట.

రోగి కేసు షీటు చదివినట్టు, ఒక సమూహానికి రోగం ఎలా సోకిందో కూడా చదవవచ్చు. అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రం మౌంట్ వెర్నన్‌లో ఒక గాయకబృందం 2020 మార్చి 10 సాయంత్రం ప్రెస్బిటేరియన్ చర్చి హాల్లో సాధనకి చేరింది. వచ్చినవాళ్లు 61 మంది. కౌగిలింతలు, కరచాలనాలు మానుకున్నారు, చేతులు శుభ్రం చేసుకున్నారు. ఆనాటికి తెలిసిన కొన్ని జాగ్రత్తలు పాటించారు. ఒక్కరికి మాత్రం మూడు రోజులుగా జలుబులాంటి లక్షణాలున్నాయి. చలి కాబట్టి బయటి తలుపులు మూసే ఉన్నాయి. రెండున్నర గంటలు పాడారు. 53 మందికి రోగం వచ్చింది, వారిలో 33 మందికి పరీక్షలో తేలింది. ఇద్దరు చనిపోయారు. అదే ఏడాది జూలైలో, అంటే అక్కడి చలికాలంలో, సిడ్నీలో ఒక చర్చిలో నాలుగు ఆరాధనల్లో పాడిన ఒక్క గాయకుడి నుంచి 12 మందికి సోకింది. వాళ్లలో కొందరు ఆ గాయకుడికి 15 మీటర్ల దాకా దూరంలో కూర్చున్నవాళ్లు, దగ్గరికి వెళ్లి పలకరించినవాళ్లు కూడా కాదు. అక్కడ మాస్కులు లేవు, కిటికీలు తలుపులు చాలావరకు మూసి ఉన్నాయి, గాలి ఆడే ఏర్పాటు నామమాత్రం. ఈ రెండు కేసుల్లోనూ పాట, గంటల తరబడి కూర్చోవడం, మూసిన గది ఒక్కచోట కలిశాయి. ఆరడుగుల దూరం పదిహేను మీటర్ల ముందు ఏం పనికొస్తుంది?

రోమన్ కాథలిక్ దేవాలయంలో ధూపం వేసినప్పుడు చూడండి. కిటికీలు తెరిచి ఉంటే సాంబ్రాణి పొగ కాసేపటికి పలచబడిపోతుంది. మూసి ఉంటే పీఠం దగ్గర వేసిన ధూపం చివరి బల్లమీది మనిషి ముక్కుకి కూడా తగులుతుంది. మాట్లాడినప్పుడు, పాడినప్పుడు నోటి నుంచి వెలువడే సూక్ష్మ తుంపరలూ అలాగే తేలుతాయి, గంటల పాటు గదిలో నిలుస్తాయి. ఈ సంగతిని గట్టిగా పట్టించుకోమని 2020 జూలైలో 239 మంది శాస్త్రవేత్తలు బహిరంగంగా రాయవలసి వచ్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ మాటని సూటిగా ఒప్పుకోవడానికి ఇంకా చాలా కాలం పట్టింది. ఈలోగా మనం బల్లలు తుడిచాం, బైబిళ్ల మీద స్ప్రే కొట్టాం, కానుకల సంచిని ముట్టుకోవడానికి భయపడ్డాం. వస్తువుల్ని తాకడం వల్ల సోకే అవకాశం సాధారణంగా పదివేలలో ఒకటి కన్నా తక్కువని అమెరికా సీడీసీ 2021 ఏప్రిల్‌లో తేల్చింది. తుడవడం తప్పని అనను. కానీ తుడిచే శ్రద్ధలో పదో వంతు కిటికీ గడియల మీద పెట్టి ఉంటే ఎంతో మేలు జరిగేది.

మన చర్చిల్లో గాలి సంగతి కాలాన్ని బట్టి ఎలా మారుతుందో కాస్త నిదానంగా చూడాలి. ఎండాకాలమే మొదటి ఉచ్చు. పట్నం చర్చిల్లో స్ప్లిట్ ఏసీలు వచ్చాక, చల్లదనం బయటికి పోతుందని కిటికీలకి సీలు వేశారు. ఏసీ నుంచి వచ్చేది చల్లటి గాలే కానీ కొత్త గాలి కాదు. గదిలో ఉన్న గాలినే లాక్కుని, చల్లబరిచి, మళ్లీ అందరి ముఖాల మీదికీ వదులుతుంది. చైనాలో గ్వాంగ్‌జౌ నగరంలో 2020 జనవరిలో ఒక హోటల్లో పక్కపక్క బల్లల దగ్గర భోంచేసిన మూడు కుటుంబాల్లో పదిమందికి సోకింది. ఆ గదికి కిటికీల్లేవు, గాలి తిరిగింది ఏసీ వల్లే. దీనికి భిన్నంగా ఊళ్లలో కిటికీకి బిగించే గడ్డి కూలరు బయటి గాలినే లోపలికి తోస్తుంది. ఎదుటివైపు కిటికీ తెరిచి ఉంచితే అంతకన్నా మంచి ఏర్పాటు తక్కువ ఖర్చులో దొరకదు. చాలామంది చేసే పొరపాటు ఏమిటంటే, అదే కూలరుని హాలు మధ్యలో పెట్టి తలుపులు మూస్తారు. అప్పుడు దానికీ ఏసీకీ తేడా ఉండదు. ఏసీ తప్పనిసరి అనుకుంటే, పై వరసలో ఒక ఎగ్జాస్టు ఫ్యాను, కింద ఒక తలుపు సందు, ఆరాధనకీ ఆరాధనకీ మధ్య అరగంట పాటు అన్నీ బార్లా తెరవడం అవసరం. కరెంటు బిల్లు పెరుగుతుంది, నిజమే. ఇంతకన్నా సులువైనది ఆరాధనని ఉదయం ఆరింటికి జరపడం. ఈస్టరు తెల్లవారుజామున సమాధుల దగ్గర ఆరుబయట కూడుకునే అలవాటు మన సంఘాలకి ఎప్పటినుంచో ఉన్నదే.

వానాకాలంలో జల్లు కొడుతుందని అన్ని కిటికీలూ ఒకేసారి మూస్తారు. జల్లు ఒక పక్కనుంచే కొడుతుంది. ఆ పక్కవి మూసి, ఎదుటి పక్కవి తెరిచి, వెంటిలేటర్లని ఎప్పుడూ మూయకుండా ఉంచితే చాలావరకు సరిపోతుంది. కిటికీలపై సజ్జలు చిన్నవైతే రేకు ముక్క బిగించి పొడిగించుకోవచ్చు. రేకుల షెడ్డులో నడిచే చిన్న సంఘాలకి ఇక్కడ ఒక మేలుంది. రేకుకీ గోడకీ మధ్య జానెడు సందు ఉంటుంది, దాన్ని గోనెసంచులతో మూయకపోతే చాలు. చలికాలానిది వేరే చిక్కు. క్రిస్మస్, డిసెంబరు 31 వాచ్‌నైట్, ఇంటింటి క్యారల్స్ అన్నీ రాత్రిపూటే. అన్నిటిలో పాటలే ముఖ్యం, ఏడాదిలో ఎప్పుడూ రానివాళ్లు కూడా వచ్చేది అప్పుడే. ఆరుబయట షామియానా వేశాం కదా అని నిశ్చింతగా ఉంటారు. మంచుకి అడ్డమని నాలుగువైపులా గుడ్డలు దించితే అది షామియానా కాదు, గదే. రెండు వైపులైనా ఎత్తి కట్టాలి, ముసలివాళ్లు శాలువా కప్పుకోవాలి. అన్ని కాలాల్లోనూ నన్ను ఎక్కువ భయపెట్టేది మాత్రం గృహ కూడికలూ రాత్రంతా సాగే ఉపవాస ప్రార్థనలూ. పది అడుగుల ముందుగదిలో ముప్పైమంది, ఒక ఢోలక్కు, కిటికీ దగ్గర బీరువా. పెద్ద చర్చిల మీద అధికారుల కన్ను పడుతుంది కానీ ఈ గదుల మీద ఎవరి కన్నూ పడదు.

గాలి లెక్క కొత్త శాస్త్రమేమీ కాదు. పెరూ రాజధాని లిమాలో ఎనిమిది ఆసుపత్రుల గదుల్ని కొలిచి 2007లో ప్రచురించిన అధ్యయనంలో తేలింది ఇది: 1950కి ముందు కట్టిన ఎత్తు కప్పుల, పెద్ద కిటికీల గదుల్లో కిటికీలు తెరిస్తే గంటకి సగటున 40 సార్లు గాలి మారింది. తర్వాతి కాలపు గదుల్లో 17 సార్లే. యంత్రాలతో గాలి ఆడించిన గదులు ఆ పాతవాటి దరిదాపులకి రాలేదు. ఆ అధ్యయనం క్షయ గురించి. మన మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో క్రైస్తవ మిషన్లు కలిసి 1915లో శానటోరియం తెరిచినప్పుడు క్షయకి మందు లేదు. ఆరుబయటి గాలీ విశ్రాంతీ మంచి తిండీ వైద్యంలో ముఖ్యభాగాలు. గుంటూరు లూథరన్ మిషనులో డాక్టర్ అన్నా కుగ్లర్ ఆసుపత్రి 1898లోనే తెరుచుకుంది. తెలుగునాట చర్చీ ఆసుపత్రీ ఒకే ఆవరణలో పెరిగాయి. ఆ మిషనరీలు కట్టిన పాత దేవాలయాలకి ఎత్తయిన కప్పులూ గోడ పొడవునా కిటికీలూ ఉండటం ఊరికే కాదు. ఈ మధ్య మనం కట్టుకున్న ఫాల్స్ సీలింగు, ఫంక్షన్ హాలు తరహా చర్చిలే శ్వాసకి వెనకడుగు.

పాట లేకుండా ఆరాధన ఏమిటని అడిగేవాళ్ల బాధ నాకు అర్థమవుతుంది. 2020 జూన్ 4న కేంద్ర ఆరోగ్యశాఖ ఇచ్చిన నియమావళి గాయకబృందాలు వద్దని, రికార్డు చేసిన పాటలు పెట్టుకోమని చెప్పింది. అప్పటి స్థితిలో అది సరైనదే, కానీ ఎందుకో విడమరిచి చెప్పలేదు. బ్రిస్టల్ విశ్వవిద్యాలయంలో గాయకుల మీద జరిపిన కొలతల్లో పాడటానికీ మాట్లాడటానికీ మధ్య తేడా చిన్నదేనని, అసలు తేడా గొంతు హెచ్చులో ఉందని తేలింది. గట్టిగా పాడితే నెమ్మదిగా పాడినదానికన్నా ఇరవై, ముప్పై రెట్లు ఎక్కువ తుంపరలు వెలువడ్డాయి. కాబట్టి పాట మానక్కర్లేదు, గొంతు తగ్గించాలి. మైకు ఉన్నది అందుకే కదా! మన దగ్గర మైకు పెట్టుకుని మరీ అరుస్తాం, అదొక వింత. ఇద్దరు ముగ్గురు మైకులో పాడుతుంటే మిగతా సంఘం మాస్కులోనే మెల్లగా అందుకోవచ్చు. మూడు గంటల ఆరాధనని గంటలో ముగించి రెండు విడతలుగా జరపవచ్చు. ప్రభు సంస్కారం ఒకే పాత్రలోంచి కాకుండా విడి కప్పుల్లో ఇవ్వడం మన సంఘాలు చాలావాటికి అలవాటే.

మద్యం షాపులు ముందు తెరిచి చర్చిలు తర్వాత తెరిచారే అన్న ఆక్షేపణలో నిజం ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో 2020 మే 4న మద్యం అమ్మకాలు మొదలయ్యాయి, ప్రార్థనా స్థలాలకి జూన్ 8 దాకా ఆగవలసి వచ్చింది. అది ప్రభుత్వాల ప్రాధాన్యాల మీద వేయదగ్గ ప్రశ్న. గాలి లెక్కలో మాత్రం రెండూ ఒకటి కావు. ఒకటి రోడ్డు మీద క్యూ, మరొకటి మూసిన హాల్లో గంటల తరబడి పాట. దేవుని మందిరంలో రోగం రాదన్న విశ్వాసానికి నా జవాబు వాదంతో కాదు, ఒక పాస్టరు ప్రవర్తనతో. అమెరికాలో అర్కాన్సా రాష్ట్రపు పల్లెలో 2020 మార్చి 6 నుంచి 11 మధ్య చర్చి కార్యక్రమాలకి వచ్చిన 92 మందిలో 35 మందికి సోకింది, ముగ్గురు చనిపోయారు. వాళ్లనుంచి ఊళ్లోవాళ్లకి మరో 26 కేసులు, ఒక మరణం. పాస్టరుకీ ఆయన భార్యకీ కూడా వచ్చింది. సంఘంలో మరికొందరికి ఇవే లక్షణాలని తెలియగానే, పరీక్షల ఫలితం కోసం చూడకుండా ఆయన చర్చి మూసేశారు. అవిశ్వాసంతో చేసిన పని అది కాదు. 1527లో విట్టెన్‌బర్గ్‌లో ప్లేగు వచ్చినప్పుడు మార్టిన్ లూథర్ ఊరు విడవకుండా రోగులకి తోడుండి కూడా, మందు వాడమనీ గాలి శుభ్రం చేయమనీ అవసరం లేని చోటికి పోవద్దనీ రాశాడు.

ఆన్‌లైన్ ఆరాధనే శాశ్వత పరిష్కారమనే డాక్టర్లతో నేను ఏకీభవించను. వారానికోసారి గడప దాటేది చర్చికోసమే అయిన వితంతువుకి, ఫోను వాడటం రాని పెద్దాయనకి ఆదివారం లేకపోవడమూ ఒక రోగమే. ఒంటరితనంతో రక్తపోటు, మధుమేహం మందులు మానేసే వృద్ధుల్ని వైద్యులం అందరం చూస్తూనే ఉంటాం. టీకాలు వచ్చాయి కదా అంటే, అవి ప్రాణం కాపాడతాయి, గది గాలిని మార్చవు. అందుకే అల ఉధృతంగా ఉన్న వారాల్లో మూయడం, తగ్గాక గాలి చూసుకుని తెరవడం, దగ్గు జ్వరం ఉన్నవాళ్లు పాస్టరైనా సరే ఇంట్లో ఉండటం, ముసలివాళ్లకి కిటికీ పక్క బల్ల ఇవ్వడం అవసరం. కార్బన్ డయాక్సైడు మీటరు ఒకటి కొని బల్ల మీద పెట్టండి. ఆరుబయట అది సుమారు 420 పీపీఎం చూపుతుంది. ఆరాధన మధ్యలో 800 దాటితే ఒకరి ఊపిరి మరొకరు పీల్చుకోవడం ఎక్కువైందని గుర్తు.

సంఘ పెద్దలకి నాదొక విన్నపం. మరో మహమ్మారి కోసం ఆగకండి. క్షయా ఫ్లూ ఇప్పుడూ మన మధ్యే ఉన్నాయి. వచ్చే ఆదివారం లోపల మీ చర్చి కిటికీలు ఎన్ని ఉన్నాయో, వాటిలో ఎన్ని నిజంగా తెరుచుకుంటాయో లెక్కపెట్టండి. రంగు వేసినప్పుడు అతుక్కుపోయినవాటికి వడ్రంగిని పిలవండి.