మూల తిరిగే ర్యాంపు

రోడ్డు మట్టం నుంచి ఆస్పత్రి గడప దాకా ఎత్తు 600 మిల్లీమీటర్లు, అంటే దాదాపు రెండడుగులు. మెట్లయితే నాలుగు వేస్తే సరిపోతుంది. చక్రాల కుర్చీకి మాత్రం ఒకటికి పన్నెండు వాలు ఉండాలి. ఆ లెక్కన 7.2 మీటర్ల పొడవు కావాలి. గేటుకీ గోడకీ మధ్య ఉన్నది 7 మీటర్లే. పైగా ర్యాంపు ఎక్కేముందు కుర్చీ నిలవడానికి కాస్త సమతలం వదలాలి. కాబట్టి ర్యాంపు మూల తిరగక తప్పదు.

విజయవాడ మొగల్రాజపురంలో, రెండు గదుల ఆర్కిటెక్ట్ ఆఫీసులో ఈ లెక్క నడుస్తుండగా వెళ్ళాను. చిన్న ఊరి ఆస్పత్రి ఒకదానికి ముందుభాగం మార్చి కట్టే పని అది. కంప్యూటర్ ముందు ఇటీవలే కోర్సు ముగించిన అమ్మాయి, వెనక కుర్చీలో ఆర్కిటెక్ట్ మేడమ్. తెర మీద భవనాల నమూనాలు గీసే సాఫ్ట్‌వేర్ రెవిట్.

రెవిట్‌లో ర్యాంపుకు విడిగా ఒక టూల్ ఉంది. రెండు వాలు ముక్కలు గీసి మధ్యలో ఖాళీ వదిలితే మూల దగ్గర చదును తనే వేసేస్తుంది. కానీ ఆ ర్యాంపుకు పొరలుండవు. కాంక్రీటు ఎంత, పైన పరిచే రాయి ఎంత అని విడివిడిగా లెక్క రాదు. అందుకే ఈ ఆఫీసులో ఫ్లోర్ టూల్‌తోనే గీస్తారు. ఫ్లోర్‌కు వాలు బాణం పెట్టవచ్చు గానీ ఒక ఫ్లోర్‌కు ఒకటే. మూల తిరిగితే అది పనికిరాదు. ఇక మిగిలింది మూలల బిందువులను ఒక్కొక్కటే పట్టుకుని పైకి లేపడం.

ఆ అమ్మాయి అదే చేసింది. 1.5 మీటర్ల వెడల్పుతో ఎల్ ఆకారం గీసి, మొదలు సున్నా, మూలలో ఉన్న రెండు బిందువులూ 300, చివర 600 అని ఇచ్చింది. చూడటానికి చక్కగా వచ్చింది.

“ఇక్కడ చూడమ్మా,” అని మేడమ్ తెరను దగ్గరికి లాగారు. మూలలో లోపలి బిందువు నుంచి బయటి బిందువుకు ఐమూలగా ఒక గీత పడింది. తను గీయని గీత. “అది మడత. నువ్వు చదును ఇవ్వలేదు, అందుకే రెవిట్ మడత పెట్టేసింది.”

లోపలి అంచున 3.6 మీటర్లకు 300 ఎక్కుతోంది, అంటే ఒకటికి పన్నెండు. బయటి అంచున అదే 300 ఎక్కడానికి 5.1 మీటర్లుంది, అంటే ఒకటికి పదిహేడు. ఒకే ర్యాంపుకు రెండు అంచుల్లో రెండు వాలులు! మూడు బిందువులు ఎప్పుడూ ఒకే తలంలో ఉంటాయి, నాలుగోది ఉండాలన్న నియమం లేదు. కుర్చీకి నాలుగు చక్రాలు. నేల మెలితిరిగితే ఒక చక్రం గాల్లోకి లేస్తుంది, కూర్చున్నవాళ్ళు పక్కకు ఒరుగుతారు. కుర్చీ తిప్పాల్సింది సరిగ్గా అక్కడే.

సరిచేయడానికి ఎంతోసేపు పట్టలేదు. లోపలి మూల నుంచి ఎదుటి అంచులకు రెండు అడ్డగీతలు వేశారు. మధ్యలో 1.5 మీటర్ల చదరం ఏర్పడింది. దాని నాలుగు మూలలకూ 300 ఇచ్చారు. ఐమూల గీత మాయమైంది. ఇటు 3.6 మీటర్ల వాలు, నడుమ చదును, అటు మళ్ళీ 3.6 మీటర్ల వాలు.

“మూలను గుండ్రంగా తిప్పేస్తే?” అని అడిగాను. అందంగా ఉంటుంది కదా అనిపించింది. మేడమ్ కాగితం మీద గీసి చూపించారు. లోపలి వ్యాసార్ధం మీటరున్నర, బయటిది మూడు మీటర్లు అనుకుందాం. నడిమి గీత మీద ఒకటికి పన్నెండు సరిగ్గా వస్తుంది, డ్రాయింగులో రాసేదీ ఆ అంకే. లోపలి అంచున మాత్రం అది ఒకటికి ఎనిమిది, బయట ఒకటికి పదహారు. కాగితం మీద నిబంధన నెగ్గుతుంది, రెయిలింగ్ పట్టుకుని లోపలి వైపు నుంచి వచ్చే మనిషికి నిట్టనిలువవుతుంది. బేస్‌మెంట్‌లోకి దిగే కారుకు ఆ వంపు నడుస్తుంది, కుర్చీకి నడవదు.

వైకల్యం ఉన్నవాళ్ళ హక్కుల చట్టం 2016లో వచ్చింది. ప్రవేశ సదుపాయాల నియమాలు పాటించని ప్లానుకు అనుమతి ఇవ్వకూడదని అందులో ఉంది. అయినా మన ఊళ్ళలో ఎన్ని గుమ్మాల ముందు చూడలేదు, మెట్ల పక్కన మిగిలిన జానెడు చోటులో పోసిన సిమెంటు దిబ్బ! వీల్‌చైర్‌ను వెనక నుంచి ఇద్దరు నెడితే తప్ప ఎక్కదు. ర్యాంపు చివర్లో గుర్తొచ్చే పని కాకూడదని నేను గట్టిగా నమ్ముతాను. ఈ ఆఫీసులో మెట్ల కంటే ముందు ర్యాంపు గీస్తున్నారు, అది నాకు బాగా నచ్చింది.

ప్రింటు తీసేముందు మేడమ్ ప్రతి బిందువు దగ్గరా మట్టం రాయించారు. వాలు నిష్పత్తి రాస్తే మేస్త్రీకి చాలదట. లెవెల్ పైపులో నీళ్ళు పట్టి చూసేవాడికి ఏ మూల ఎంత ఎత్తులో ఉండాలో కావాలి. చదును మీద వాన నీళ్ళు నిలవకుండా బయటి అంచుకు కంటికి ఆనని వాటం ఇమ్మని పక్కన ఒక మాట చేర్చారు. రెయిలింగ్‌ను మొదట్లోనూ చివరనూ ఇంకో 300 మిల్లీమీటర్లు ముందుకు సాగదీయించారు, వాలు మొదలవకముందే చేతికి పట్టు దొరకాలని.

ఇంకో చిక్కు మిగిలింది. మూల తిప్పడంతో బండ్లు పెట్టే చోటు కొంత పోయింది. యజమానిని ఒప్పించాలి. సాయంత్రం ఫోన్లో కాకుండా స్వయంగా వెళ్ళి మాట్లాడతానని మేడమ్ అన్నారు. ఆ అమ్మాయి అప్పటికే బండ్ల వరసను పక్క గోడ వైపు జరిపి, ఇంకో ప్లాను గీయడం మొదలుపెట్టింది.