పలకని పెట్టె

సైన్సు ప్రదర్శనకు మేం చేసిన కూత పెట్టే ఆసిలేటరు పలకలేదు. "ఐసీ పోయింది, పారెయ్యండి" అన్నారందరూ. కొత్తది కొనాలంటే డబ్బుల్లేవు.

నేను పటం ముందు పెట్టుకుని ఒక్కో కాలూ చూశా. 555 ఐసీకి 8 కాళ్లు. 4కీ, 8కీ 9 వోల్టులు వస్తున్నాయి. 1 మైనస్‌కే ఉంది. 2, 6 కలిసుండాలి. అప్పుడే కెపాసిటరు ఎప్పుడు నిండిందో, ఎప్పుడు తగ్గిందో ఐసీకి తెలుస్తది. బ్యాటరీ తీసి, ఆ రెంటినీ కలిపే వైరుకి మీటరు పెడితే ముల్లు కదల్లేదు! పైకి బాగానే ఉంది, లోపల తెగింది. మార్చగానే కుయ్యిమంది.

మన ఊళ్ల నుంచి కొత్తగా వచ్చిన చిన్నపిల్లలు కోయమాట తప్ప రాక క్లాసులో పలకరు. వాళ్లను మొద్దులనకండి. ఎక్కడ వైరు కలవలేదో చూడండి. నేనూ అట్లా వచ్చినదాన్నే. మా ఇంట్లో మొదట చదువుతున్నది నేనే.

— 9వ తరగతి విద్యార్థిని